ఓడినవాళ్ళ మీద వడియాలు

మా పక్కింటి అంకుల్ పోయిన సంగతి నాకు చెప్పింది ఆంటీయే. ఆ పొద్దున అంబులెన్స్ వచ్చినప్పుడు నేను వాళ్ళ గుమ్మం దాకా పరిగెత్తాను. స్ట్రెచర్ మీద పడుకునే, "గ్యాస్ అయ్యుంటుందమ్మా, నువ్వెళ్ళి నీ మీటింగ్ చూసుకో," అన్నారు ఆయన. నమ్మేశాను. మా ఆయన ఆంటీని కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళాడు, నేను వెనక్కి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం కాకముందే ఫోన్ మోగింది.

"మీ అంకుల్ ఇంక లేరమ్మా," అన్నారు ఆంటీ. వెంటనే, "డెక్ మీద ఒడియాలున్నాయి. ఇక్కడ మబ్బు పట్టింది. కాస్త తీస్తావా తల్లీ?" అన్నారు.

తీస్తానన్నాను. వాళ్ళింటి వెనక ఆ చెక్క అరుగెక్కి తీశాను కూడా. ఆ పూట మా ఇద్దరికీ చేతనైన పని అదొక్కటే.

ఆయన్ని పొగుడుతూ నాలుగు మాటలు రాయమని మా తెలుగువాళ్ళ గ్రూపులో అడిగారు. పొగడ్తలంటే ఆయనకు ఒళ్ళు మంట. పైగా నేను ఆయన దగ్గర ఒక వాదన గెలిచాను. అది గెలవకుండా ఉండాల్సింది. ఆ సంగతి దాచిపెట్టి ఆయన మంచితనం గురించి ఎంత రాసినా నాకు నిద్ర పట్టదు. కాబట్టి మీరు ఓపిగ్గా వినాలి.

మేముండే ఈ ట్రాయ్ ఊళ్ళో మన తెలుగువాళ్ళలో సగం మంది కార్లు చేసేవాళ్ళు, మిగతా సగం ఆ కార్లలోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించేవాళ్ళు. అంకుల్ మొదటి రకం. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద పట్టాలుంటాయి కదా, అవి తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను రెండో రకం, ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆయనది గోదావరి జిల్లా, మాది వరంగల్. ఆయన "ఏమ్మా" అంటే నేను "ఏంది అంకుల్" అనేదాన్ని. ఇళ్ళ మధ్య కంచె లేదు, మాటకు అసలే లేదు.

మేము ఆ ఇంట్లోకి దిగిన కొత్తలో ఒక శనివారం పొద్దున లడ్డూల డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల ఆయన మడత కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా తల అడ్డంగా ఊపుతూ ఏదో చదువుతున్నారు. ఏ ఊరమ్మా, ఎంతమంది పిల్లలమ్మా అని అడగలేదు. "పాతకాలంలో ఒకాయన ఉండేవాడు. బీదకీ గొప్పకీ అందరికీ ఒకే రేటు పన్ను అన్నాడు. ప్రైమరీలోనే పోయాడు. ఆయన గెలిచుంటే నీ జీతానికి లాభమా నష్టమా?" అని అడిగారు.

నాకు ప్రైమరీ అంటే ఏమిటో కూడా అప్పుడు సరిగ్గా తెలియదు. అధ్యక్ష ఎన్నిక కంటే ముందు, పార్టీ టికెట్ కోసం ఒకే పార్టీవాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడతారని, దానికీ జనమే ఓట్లు వేస్తారని, చివరికి ఒక్కరు మిగులుతారని, మిగతా వాళ్ళను దేశం మర్చిపోతుందని ఆయనే చెప్పారు. ఆయన మాత్రం మర్చిపోలేదు. ఎప్పుడో ఓడి ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళందరూ ఆ గరాజ్‌లో ఇంకా పోటీలో ఉండేవాళ్ళు.

నేను నష్టం అన్నాను, తోచింది అనేశాను. "ఎలా నష్టం?" అంటూ ఆయన రెండో కుర్చీ విప్పారు. ఆ శనివారం నుంచి అది నా కుర్చీ అయింది.

ఆ అభ్యర్థుల అసలు పేర్లు ఆయన ఎప్పుడూ అనేవారు కాదు. పేరు చెప్పగానే పార్టీ గుర్తొస్తుందని, పార్టీ గుర్తొస్తే మెదడు పడుకుంటుందని ఆయన నమ్మకం. అందుకని ప్రతివాడికీ ఒక ముద్దుపేరు. ఒకే పన్ను అన్నాయన ఒకేరేటాయన. దేశం చేసిన అప్పు ముందు తీర్చాలి అంటూ తిరిగినాయన అప్పులాయన. ఆయన ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, "అప్పు చేసి పప్పుకూడు వద్దన్నాడమ్మా పాపం, పప్పుకూడు తినేవాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పాడు. ఓట్లెలా వేస్తారు?" అనేవారు. దేశంలో ప్రతి మనిషికీ నెలనెలా ప్రభుత్వం చెక్కు పంపాలి అన్న కుర్రవాడు నెలచెక్కు. అప్పుడు అందరూ నవ్వారు. తర్వాత కరోనా వచ్చి అందరి ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు వేసిన రోజు, అంకుల్ మాస్కు పెట్టుకుని మా లాన్ అంచుదాకా వచ్చి, దూరం నుంచే చెయ్యెత్తి ఒక్క మాట అన్నారు.

"చూశావా."

ఆ మాట ఆయన ఊతపదం. ఓడినవాడి ఆలోచన ఎక్కడైనా గెలిచినవాడి నోట్లోంచి వినపడితే చాలు, "చూశావా" అంటూ దిగేవారు. ఆయన సిద్ధాంతం ఒకటే. "గెలిచినోడి మాట మర్నాడు పేపర్లో ఉంటుంది. ఓడినోడి మాట పదేళ్ళకి చట్టంలో ఉంటుంది." ఇంకోటి కూడా అనేవారు: "ఓడిపోయాక ఎవడూ లంచమివ్వడు కదమ్మా. అప్పుడు వాడి మాట ధైర్యంగా వినొచ్చు."

వాదనకు ఒక నియమం ఉండేది. ఓడినవాళ్ళు కాఫీ పెట్టాలి. గరాజ్‌లోనే ఒక మూల స్టవ్వు, ఇత్తడి ఫిల్టరు ఉండేవి. నోటితో ఓడిపోయానని ఒప్పుకోనక్కర్లేదు, లేచి స్టవ్వు వెలిగిస్తే ఒప్పుకున్నట్టే. నేను లెక్కలు, గ్రాఫులు ఫోన్లో చూపించి, గొంతు పెంచి, చివరికి ఆయన్ని లేపేదాన్ని. నా నోటికి జడిసి నాకు లాయరమ్మ అని పేరు పెట్టారు. దాదాపు ఎప్పుడూ ఆయనే కాఫీ పెట్టేవారు. నేను బాగా వాదిస్తానని నాకు గర్వంగా ఉండేది. నా చేతి కాఫీ ఒకసారి తాగిన మనిషి మళ్ళీ గెలవాలనుకోడని మా ఆయన అనేవాడు కానీ, అది వేళాకోళమనుకున్నాను.

ఓడినవాళ్ళ మీద ఆయనకంత పక్షపాతం ఎందుకో ఒకసారి చెప్పారు. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక అభ్యర్థి, ఈ వ్యాపార ఒప్పందం మీద సంతకం పెడితే ఫ్యాక్టరీలు సరిహద్దు దాటిపోతాయని ఊరూరా చెప్పుకుంటూ తిరిగాడట. "నేనూ నా ఫ్రెండ్సూ లంచ్‌రూమ్‌లో టీవీ చూసి నవ్వామమ్మా. మేం ఇంజనీర్లం కదా, మాకు తెలియనిదా అని." చాలా ఏళ్ళకు ఫ్యాక్టరీ నిజంగానే సరిహద్దు దాటింది. మెషిన్లు విప్పి, నంబర్లు వేసి, లారీ ఎక్కించే పని ఆయనకే అప్పగించారు. ఎక్కడికి, ఎప్పుడు అన్నది పనివాళ్ళకు చెప్పొద్దన్నారు. ఆయన చెప్పలేదు. "సోమవారం పొద్దున వాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చారు. లోపల నేల మీద బోల్టుల గుర్తులు తప్ప ఏమీ లేదు. నాతో పాటు పదిహేనేళ్ళు చేసిన మనిషి నా మొహం చూసి, నీకు తెలుసా అని అడిగాడు."

ఆయన ఏమన్నారని నేను అడగలేదు. ఆ శనివారం కాఫీ ఎవరూ పెట్టలేదు.

ఇక వడియాల సంగతి. ఇక్కడ ఎన్నికలప్పుడు జనం తమ అభ్యర్థి పేరున్న ప్లాస్టిక్ అట్టబోర్డులు ఇంటిముందు గడ్డిలో పాతుతారు. అభ్యర్థి ఓడిపోతే ఆ బోర్డు చెత్తలోకి పోతుంది. అంకుల్ తలుపు తట్టి, మర్యాదగా అడిగి, ఆ ఓడిన బోర్డులన్నీ తెచ్చుకునేవారు. ఏ పార్టీదైనా సరే. వేసవిలో ఆంటీ వాటిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, డెక్ మీద వరసగా పేర్చి, సగ్గుబియ్యం వడియాలు పెట్టేవారు. "నేలకి అంటకుండా, వేడికి వంగకుండా, ఎంత బావుంటాయో ఈ బోర్డులు," అనేవారామె. ఆవిడ వాటిని ఒడియాలు అంటారు. అంకుల్ దాన్ని సాగదీసి "ఓ...డియాలు" అనేవారు. మా ఇంటికి డబ్బాలో పోసి పంపినప్పుడల్లా, ఇవి ఎవరి మీద ఎండినవో చెప్పేవారు. అప్పులాయన మీద ఎండినవి కరకరలాడతాయని, ఒకేరేటాయన మీదవి అన్నీ ఒకే సైజులో వస్తాయని.

ఆంటీ గరిటెతో పెట్టే వడియాలు ముగ్గు చుక్కల్లా ఉండేవి. చివరికి గిన్నెలో మిగిలిన పిండిని అంకుల్ వేలితో గోకి, ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో పెట్టేవారు. పెద్దది, వంకరది. ఆంటీ ప్రతి ఏడాదీ ఒకటే మాట అనేవారు. "అయిందా? వేశారా మీ ఓటు?"

ఆవిడ అలా దెప్పడానికి కారణముంది. ఆయన పౌరసత్వం వచ్చి ఎన్నో ఏళ్ళయినా, నవంబరు ఎన్నికలో క్రమం తప్పకుండా ఓటు వేసినా, ప్రైమరీలో మాత్రం ఒక్కసారీ వేయలేదు. ఇన్నేళ్ళు ప్రైమరీల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి. నేను నిలదీశాను. ఇక్కడ ప్రైమరీలో ఓటు వేయాలంటే ఏ పార్టీ బ్యాలెట్ కావాలో నోరు తెరిచి అడగాలి. ఆయనకు అదే గిట్టదు.

"కులం చెప్పి విస్తరేయించుకున్నట్టుంటుందమ్మా," అన్నారు. "మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అలాగే చేసేవారు. నాకు ఆ అన్నం సహించేది కాదు."

పోయినసారి ప్రైమరీకి ముందు ఆ పట్టు సడలింది. ఒక అభ్యర్థి బయల్దేరాడు, చిన్న రాష్ట్రం నుంచి, చేతిలో డబ్బు లేదు, టీవీ చర్చల్లో చివరి కుర్చీ. ఆయన చెప్పేది ఒకటే. ఏ కంపెనీ అయినా మనుషుల్ని తీసేయాలంటే చాలా నెలల ముందు వాళ్ళ మొహం చూసి చెప్పాలి, ఆ నెలల్లో వేరే పని నేర్పించాలి, చెప్పకుండా మూస్తే జరిమానా. అంకుల్ ఆయనకు ముందుచెప్పాయన అని పేరు పెట్టారు. ఓడకముందే పేరు సంపాదించిన మొదటి అభ్యర్థి అతనే.

పోస్టులో బ్యాలెట్ తెప్పించుకున్నారు. పార్టీ పేరు రాసి సంతకం పెట్టేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయని ఆంటీ నవ్వుతూ చెప్పారు. నింపి, కవరు అంటించి, మంచులో నడుచుకుంటూ వెళ్ళి సిటీ హాల్ బయట ఉన్న డబ్బాలో వేసి వచ్చారు. ఆ శనివారం మేము వాదించుకోలేదు. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు.

మరుసటి మంగళవారం ముందుచెప్పాయన పోటీ నుంచి తప్పుకున్నాడు.

నేను వార్త చూసి, కోటు కూడా వేసుకోకుండా వాళ్ళింటికి పరిగెత్తాను. మీతో నిజం చెప్పాలి, నేను బాధపడి పరిగెత్తలేదు. నాకు ఆశ పుట్టింది. మేము ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా ఇంకా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే చెల్లే హెచ్-వన్ వీసా మీదే ఉన్నాం. శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు కోసం మన దేశంవాళ్ళ లైను ఎంత పొడుగో, అందులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. అదే పార్టీలో ఇంకో అభ్యర్థి ఆ లైను కదిలిస్తానని రెండు సభల్లో అన్నాడు. అంకుల్ ఆయన్ని లైనాయన అని పిలిచి, "అన్నాడు, అంతే కదా," అని కొట్టిపారేసేవారు. నాకు మాత్రం ఆయన తప్ప వేరే అభ్యర్థి కనపడలేదు. నాకు ఓటు లేదు. పక్కింట్లో ఒకటుంది.

"అంకుల్, ముందుచెప్పాయన తప్పుకున్నడు," అన్నాను.

"చూశానమ్మా."

"మరి మీ ఓటు?"

"ఆయనకే ఉంది."

"వేస్ట్ అయితది కదా. ఇక్కడ రూల్ ఉంది, నేను చదివిన. శుక్రవారం లోపల క్లర్క్ ఆఫీస్‌కి పోయి, ఆ బ్యాలెట్ స్పాయిల్ చేయమని రాసిస్తే కొత్తది ఇస్తరు."

"స్పాయిల్ అంటే? చెడగొట్టడమా?"

"వాళ్ళు గట్లనే అంటరు అంకుల్. మాట అంతే."

"బావున్న ఓటు చెడగొట్టి ఇంకోటి తెచ్చుకోవాలా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పుకున్నోడి పేరు కూడా లెక్కలో ఉంటుందమ్మా. ఎవడో ఒకడు చూస్తాడు. ఇంతమంది ఈ మాట అడిగారే అనుకుంటాడు. దానికోసమే కదా వేసింది."

అక్కడ ఆగాల్సింది. ఆయన ఇన్నేళ్ళుగా చెబుతున్నదే ఒకసారి చేసి చూపించారు. నేను ఆగలేదు. వాదన అంటే నాకు పూనకం.

"నాకు ఓటే లేదు అంకుల్. ఉన్న మీరేమో పోయినోనికి ఏస్త అంటే నాకెట్లుంటది? లైనాయన ఒక్కడే మిగిలిండు మా గురించి మాట్లాడేటోడు. ఎవరి కోసమో కాదు, మా కోసం వేయండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత లేచి స్టవ్వు వెలిగించారు.

శుక్రవారం నేనే ఆఫీసుకు సెలవు పెట్టి డ్రైవ్ చేశాను. కౌంటర్ వెనక ఉన్న ఆవిడ కాగితం చూసి, ఈ బ్యాలెట్ స్పాయిల్ చేయాలన్నదే మీ కోరికా అని ఇంగ్లిష్‌లో మెల్లగా, మర్యాదగా అడిగింది. అంకుల్ ఒకసారి నా వైపు తిరిగారు. అవునన్నారు. సంతకం పెట్టారు. కొత్త కాగితం మీద, లైనాయన పేరు పక్కనుండే కోడిగుడ్డు ఆకారం గడిని అక్కడే నిలబడి నల్లగా నింపారు. "అయిపోయిందమ్మా," అని పెన్ను తిరిగిచ్చారు. కారులో వస్తూ రోడ్లమీద చల్లే ఉప్పుకి కారు అడుగుభాగం ఎలా తుప్పుపడుతుందో, ఇంటికెళ్ళి ఎలా కడగాలో చెప్పారు. నేను ఆ సాయంత్రం మా ఆయనతో, అంకుల్‌ని ఒప్పించేశాను అని చెప్పుకుని మురిసిపోయాను.

లైనాయన గెలవలేదు. కొన్ని రాష్ట్రాలు తిరిగి ఆయన కూడా తప్పుకున్నాడు. మా లైను ఎక్కడిదక్కడే ఉంది. ఆ వేసవి డెక్ మీదికి చూస్తే లైనాయన బోర్డు మీద వడియాలు ఎండుతున్నాయి. "మీ ఆయన మీద బాగా ఎండాయమ్మా," అన్నారు అంకుల్, నవ్వుతూనే. ముందుచెప్పాయన బోర్డు మాత్రం డెక్ మీద లేదు. అది ఆయన దగ్గర ఉందని నాకు తెలుసు. రెండు వీధుల అవతల ఒక రిటైరైన ఫ్యాక్టరీ మనిషి లాన్‌లోంచి అడిగి తెచ్చుకున్నారు. గరాజ్‌లో మంచు ఊడ్చే మెషిన్ వెనక గోడకు ఆనించి ఉంది.

"దాని మీద పెట్టలేదేంది అంకుల్?" అని అడిగాను.

"అది ఇంకా ఓడలేదమ్మా," అన్నారు.

నేను దాన్ని జోకు అనుకుని నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాను.

ఆ మరుసటి ఏడాది వసంతంలో ఒక పొద్దున మా ఆయన లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే అది తెరుచుకోలేదు. ఫోన్‌కి మెయిల్ వచ్చింది. ఉద్యోగం తీసేశారు. ముందురోజు సాయంత్రం దాకా మేనేజర్ వచ్చే నెల పని గురించి మాట్లాడాడు. మా ఇద్దరి వీసా ఆయన ఉద్యోగం మీదే, అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే దేశం వదలడానికి పెట్టెలు సర్దుకోవాలి. నేను వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను.

అంకుల్ ఫ్లాస్క్‌తో కాఫీ తెచ్చారు. మా ఎదురుగా కూర్చున్నారు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. ముందు చెప్పాలి అన్నవాడికి వేసిన ఓటును, నేను దగ్గరుండి చెడగొట్టించాను. ఇప్పుడు ముందు చెప్పకుండా మా ఇంట్లోనే ఒకరిని తీసేశారు. "చూశావా" అనడానికి ఆయన జన్మలో అంతకంటే మంచి అవకాశం రాదు. నేను మొహం దించుకుని సిద్ధంగా ఉన్నాను.

అనలేదు. "రెజ్యూమే ప్రింట్ తియ్యి బాబూ," అన్నారు మా ఆయనతో. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది పెళ్ళిచూపుల్లో మాటల్లా ఉంది. నువ్వు చేసిన పని చెప్పు, చాలు," అంటూ పెన్నుతో సగం కొట్టేశారు. తన పాత సహోద్యోగులకు ఫోన్లు చేశారు. గడువు తీరేలోపు మా ఆయనకు ఉద్యోగం దొరికింది, అందులో ఆ ఫోన్ల పాత్ర ఎంతో అంకుల్ ఎప్పుడూ చెప్పలేదు. అన్ని రోజుల్లో ఒక్కసారైనా, ఒక చూపుతోనైనా, ఆ ఓటు మాట ఎత్తలేదు.

నేనూ ఎత్తలేదు. అదే నన్ను తినేస్తున్నది. మాటలు దొరకలేదనడానికి వీల్లేదు, ఆ గరాజ్‌లో మాటలతో పని లేదు. లేచి స్టవ్వు వెలిగిస్తే చాలు. ఆ తర్వాత ఎన్నో శనివారాలు వచ్చాయి, నా కుర్చీకి ఫిల్టరు రెండడుగుల దూరం. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకున్నాను. ఈ మధ్య ఒకరోజు గెలిచి కుర్చీలో ఉన్న ఒక నాయకుడు టీవీలో, మనుషుల్ని తీసేసే ముందు చెప్పడం కంపెనీల ధర్మం అంటున్నాడు. అంకుల్ నా పక్కనే ఉన్నారు. ఆయన చేయి పైకి లేచింది, నన్ను చూసి దించేసుకున్నారు. టీవీ ఆపి, "ఎండ బావుంది, మీ ఆంటీ పిండి ఉడికిస్తానంటోంది," అన్నారు.

ఆయన పోయిన నాలుగో రోజు, అరోరా అనే ఊరి నుంచి వచ్చిన అంకుల్ వాళ్ళ అమ్మాయి మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అడుగులో అడుగు వేసుకుంటూ మాట్లాడుతుంది.

"అక్కా, నాన్న లాస్ట్ ప్రైమరీ ఓట్ వేసాడు కదా? ఫస్ట్ టైమ్. ఎవరికి అంటే నాకు చెప్పలేదు. పక్కింటి లాయర్‌ని అడుగు అన్నాడు. నేను అనుకున్నాను, జోక్ అని."

మొత్తం చెప్పాను. మంగళవారం, శుక్రవారం, కౌంటర్ దగ్గర నా వైపు చూసిన చూపు, అన్నీ. ఆ పిల్ల టీ కప్పు పట్టుకుని వింది. కోప్పడితే బావుండుననిపించింది.

"నాన్న ఫీల్ అయ్యాడా?" అని అడిగింది.

"తెల్వదు," అన్నాను.

అది అబద్ధం. నాకు తెలుసు. ఆమె మొహం చూస్తూ చెప్పలేకపోయాను. వాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు, ఇది ఆమె చదువుతుంది, లేదా ఆంటీ చదివి వినిపిస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు ఆంటీ ఫోన్ పెట్టేశాక నేను వెనకవైపు నుంచి వాళ్ళ డెక్ ఎక్కాను. గాలి మొదలైంది. బోర్డులు వరసగా ఉన్నాయి, అప్పులాయన, ఒకేరేటాయన, లైనాయన. ముందురోజు పెట్టిన వడియాలు, అంచులు ఎండి పైకి లేస్తున్నాయి. వాటిని చేట్లోకి తీసుకుంటూ చివరికి వచ్చాను. చివర ముందుచెప్పాయన ఉన్నాడు. మంచు మెషిన్ వెనక నుంచి ఎప్పుడు తెచ్చారో, తుడిచి, ప్లాస్టిక్ కాగితం పరిచి పెట్టారు. దాని మీద ఆంటీ పెట్టిన వడియాలు లేవు. ఒక్కటే ఉంది. పెద్దది, వంకరది. మిగతా సంవత్సరాల్లో ఆ ఒక్కటి ఏదో ఒక మూల, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఉండేది. ఇది పేరుకు సరిగ్గా ఎడమ పక్కన ఉంది, బ్యాలెట్‌లో నల్లగా నింపే గడి ఎక్కడుంటుందో అక్కడ. వేలితో తాకితే అంటుకుంది. ఆ పొద్దున మిగిలిన పిండితో పెట్టినట్టున్నారు, ఇంకా తడి ఆరలేదు.

చినుకులు మొదలయ్యాయి. చేట కింద పెట్టేసి, ఆ బోర్డును రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుని, దాని మీదికి వంగి నా ఒళ్ళు అడ్డం పెట్టి, ఆ ఒక్క వడియం చెడకుండా, జారకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వాళ్ళ గరాజ్ దాకా నడిచాను.